రహస్యముతో మునిగిన నావికుడు – కెప్టెన్ జాన్ ఫిలిప్ క్రామ్వెల్

శతవార్షికోత్సవ సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని కమిటీవారు మమ్మును కోరినప్పుడు, మిషనెరీల చరిత్రగాని, మన ఆలయముల చరిత్రగాని వ్రాయుదుమని పలువురు తలంచియుందురు. ఆ పనిని మాకంటె పెద్దలు, మాకంటె బాగుగా తెలిసినవారు ఈ సంచికలోనే చేసియున్నారు. మేము మాత్రము ఒక తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు వెదకుచు చదివిన ఒక చరిత్రను చదువరుల ముందుంచుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని యౌవనులను వెంటబెట్టుకొని విశాఖపట్టణము వెళ్ళితిమి. అక్కడి రామకృష్ణా బీచిలో ఇసుక మీద నిలిపియున్న 'కుర్సురా' అను జలాంతర్గామిని మనలో చాలామంది చూచియేయుందురు. అది 1969 డిసెంబరు 18న మన నౌకాదళములో చేరి, 2001 ఫిబ్రవరి 27న సేవ విరమించి, 2002 ఆగస్టు నుండి ప్రదర్శనశాలగా ఉన్నది. మాతో వచ్చినవారిలో ఒక తల్లి ఉండెను. ఆమె కుమారుడు నౌకాదళములో ఉద్యోగి. ఆమె లోపలి ఇరుకు మంచములను చేతితో తడిమి తడిమి చూచెను. తలవంచి దాటవలసిన గుండ్రని ద్వారములను దాటి బయటికి వచ్చినంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. తరువాత సముద్రము వైపు చూచుచు, "అయ్యగారూ, ఇది లోపల మునిగిపోతే ఆ బిడ్డలకు సమాధి ఎక్కడండీ?" అని అడిగెను.

భూస్థాపన ప్రార్థనలు ఎన్నో జరిపించిన మాకు ఆ క్షణమున జవాబు దొరకలేదు. ఇంటికి వచ్చి జలాంతర్గాముల చరిత్ర చదువనారంభించితిమి. అట్లు చదువుచుండగా ఒక పేరు దగ్గర మా మనస్సు నిలిచిపోయినది.

నది ఒడ్డున పుట్టినవాడు

జాన్ ఫిలిప్ క్రామ్వెల్ 1901వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రమున హెన్రీ అను ఊరిలో జన్మించెను. ఇలినాయ్ నది ఒడ్డున, మొక్కజొన్న చేల నడుమ ఉన్న ఆ ఊరి జనాభా నేటికిని మూడు వేలు దాటలేదు. మన లెక్కలో చెప్పవలెనన్న అదియొక పెద్ద పల్లె. ఆ ఊరికి ఏ దిక్కున చూచినను సముద్రము వందల మైళ్ళ దూరములో ఉన్నది. నదిలో పడవలు చూచి పెరిగిన పిల్లవాడు మహాసముద్రమును కోరుట వింత కాదు గాని, నీటి మీద పోవు నౌకను కాక నీటి క్రింద పోవు నౌకను కోరుకొనుట కొంత వింతయే.

ఆయన తన రాష్ట్రము తరఫున అనాపొలిస్ నౌకాదళ అకాడెమీకి ఎంపికై 1924లో పట్టభద్రుడయ్యెను. కొంతకాలము 'మేరీలాండ్' అను యుద్ధనౌకలో పనిచేసి, 1926లో జలాంతర్గాముల శిక్షణలో చేరెను. ఆ రోజులలో జలాంతర్గామి ఉద్యోగము గొప్ప ఉద్యోగము కాదు. చమురు వాసన, చెమట, తడి, నిద్రలేమి దానికి జీతముతోపాటు వచ్చునవి. క్రామ్వెల్ 'ఎస్' తరగతికి చెందిన చిన్న జలాంతర్గాములలో పనిచేసి, డీజిల్ ఇంజనుల విద్యను ప్రత్యేకముగా అభ్యసించి, 1936 ప్రాంతమున 'ఎస్-20' అను దానికి అధిపతియయ్యెను. యుద్ధము వచ్చునప్పటికి ఆయన పసిఫిక్ జలాంతర్గాముల విభాగములో అనుభవముగల అధికారి. ఒక్కొక్క మెట్టుగా ఎదిగి, కొన్ని జలాంతర్గాముల సముదాయమునకు నాయకుడుగా కెప్టెన్ హోదా పొందెను.

ఇక్కడ జలాంతర్గామి పనిచేయు విధమును ఒక్క మాటలో చెప్పుట అవసరము. ఆనాటి జలాంతర్గామి నిజమునకు నీటి మీద పోవు ఓడయే. పైనున్నప్పుడు డీజిల్ ఇంజనులతో పోవుచు, బ్యాటరీలకు విద్యుత్తు నింపుకొనును. ప్రక్కలనున్న తొట్లలోనికి నీరు విడిచినప్పుడు బరువెక్కి మునుగును. మునిగిన తరువాత ఇంజనులకు గాలి లేదు గనుక బ్యాటరీలే గతి. తిరిగి తేలవలెనన్న ఒత్తిడి గాలితో ఆ నీటిని బయటికి నెట్టవలెను. గాలి, బ్యాటరీ ఈ రెండును అయిపోయిన జలాంతర్గామికి రెండే దారులు మిగులును. ఒకటి పైకి, రెండవది అడుగునకు.

ఒకే షిప్‌యార్డు బిడ్డలు

క్రామ్వెల్ చివరిసారి ఎక్కిన జలాంతర్గామి పేరు 'స్కల్పిన్'. అది పోర్ట్స్‌మత్ నేవీ యార్డులో నిర్మింపబడి 1938 జూలైలో నీటిలోనికి దిగినది. దానికి పేరు పెట్టి సీసా పగులగొట్టిన తల్లి శ్రీమతి డిఫ్రీస్. ఆమె కుమారుడే తరువాత ఆ నౌకలో అధికారియయ్యెను. ఆ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

స్కల్పిన్ క్రమసంఖ్య 191. దాని వెంటనే 192వ సంఖ్యతో అదే యార్డులో నిర్మింపబడినది 'స్క్వాలస్'. 1939 మే 23న స్క్వాలస్ పరీక్షార్థము మునిగినప్పుడు ఇంజనులకు గాలి తెచ్చు పెద్ద గొట్టపు మూత మూసుకొనక, వెనుక గదులలోనికి సముద్రము చొరబడినది. 26 మంది అక్కడికక్కడే మరణించిరి. మిగిలిన 33 మంది సుమారు 240 అడుగుల లోతున, చీకటిలో, చలిలో చిక్కుకొనిరి. వారు ఎర్రని రాకెట్లను పైకి వదలుచుండగా, వెదకుచు వచ్చి వాటిని చూచి వారి జాడ కనిపెట్టినది స్కల్పిన్. తరువాత గంట ఆకారము గల ఒక రక్షణ గదిని తాళ్ళతో దింపి, నాలుగు విడతలుగా ఆ 33 మందిని ప్రాణములతో పైకి తెచ్చిరి. మునిగిన జలాంతర్గామినుండి అంతమందిని ఆ విధముగా రక్షించుట అంతకుముందు ఎన్నడును జరుగలేదు. స్క్వాలస్‌ను ఆ సెప్టెంబరులో పైకి లేపి, బాగుచేసి, 1940లో 'సెయిల్‌ఫిష్' అను క్రొత్త పేరుతో మరల సముద్రములోనికి పంపిరి.

ఒక సోదరి మరియొక సోదరిని కనుగొని రక్షించినట్లయినది. ఇంతవరకు ఇది సంతోషకరమైన కథ.

1943 నవంబరు 19

1943 నవంబరులో అమెరికనులు పసిఫిక్ నడిబొడ్డుననున్న గిల్బర్ట్ దీవుల మీద, ముఖ్యముగా తరావా మీద, దండెత్తుటకు సిద్ధమగుచుండిరి. జపానువారి గొప్ప నౌకాస్థావరము ట్రుక్ దీవులలో ఉండెను. అక్కడినుండి తరావాకు సహాయము పోకుండ అడ్డగించుటకు కొన్ని జలాంతర్గాములను పంపిరి. నవంబరు 5న స్కల్పిన్ పెర్ల్ హార్బరు విడిచి, జాన్స్టన్ దీవిలో చమురు నింపుకొని, ట్రుక్ వైపు పోయెను. అది దాని తొమ్మిదవ యుద్ధయాత్ర. నౌకాధిపతి కమాండర్ ఫ్రెడ్ కన్నవే. క్రామ్వెల్ ఆ నౌకకు అధిపతి కాడు. పైనుండి ఆజ్ఞ వచ్చినయెడల స్కల్పిన్, సీరేవెన్, అపోగాన్ అను మూడింటిని ఒక జట్టుగా నడిపించు నిమిత్తము ఆయనను అందులో పంపిరి.

బయలుదేరునప్పటికి ఆయనకు రెండు సంగతులు తెలియును. మొదటిది, తరావా దండయాత్ర ఎప్పుడు, ఎట్లు జరుగనున్నది అనునది. రెండవది ఇంకను పెద్దది. జపాను నౌకాదళపు రహస్య సంకేతములను అమెరికనులు విడదీసి చదువుచుండిరి అనునది. 1942 జూన్‌లో మిడ్వే యుద్ధమున గెలిచినది ఆ విద్య వలననే. 1943 ఏప్రిల్‌లో జపాను అడ్మిరల్ యమమోటో విమానమును కూల్చినదియు ఆ విద్యతోనే. శత్రువునకు ఒక్కసారి అనుమానము వచ్చి సంకేతములు మార్చినయెడల ఆ దీపము ఆరిపోవును. స్కల్పిన్‌లోని తక్కినవారికి ఈ సంగతులు తెలియవు.

నవంబరు 18 రాత్రి స్కల్పిన్ రాడారులో వేగముగా పోవు ఓడల గుంపు కనబడినది. రాత్రియంతయు దాని ప్రక్కగా పరుగెత్తి, తెల్లవారుజామున దాని దారిలో మునిగి కాచుకొనెను. కాని శత్రువులు కనిపెట్టి తిన్నగా స్కల్పిన్ మీదికే తిరిగిరి. అది లోతునకు దిగి తప్పించుకొనెను. సుమారు గంట తరువాత పైకి వచ్చి చూడగా, దాని కొరకే వెనుక నిలిపిన 'యమగుమో' అను డిస్ట్రాయరు ఎదురుగా ఉండెను. మరల మునిగెను. పైనుండి డెప్త్ చార్జీలు, అనగా నీటిలో లోతున ప్రేలు మందుపీపాలు, పడసాగెను. గొట్టములు పగిలినవి, నీరు కారినది, లోతు చూపు యంత్రము 125 అడుగుల దగ్గర చెడి నిలిచిపోయినది. అది తెలియక నౌకను పైకి తెచ్చుచుండగా, ఇంకను లోతున ఉన్నామనుకొనుచుండగనే నౌక నీటి పైకి పొడుచుకొని వచ్చినది. ఆ సమయమున లోతును నియమించు బాధ్యత ఎన్సైన్ ఫీడ్లర్ అను యువకునిది. శత్రువు చూచెను. మరల పీపాలు కురిసెను.

మధ్యాహ్నవేళకు నౌక నిలుపనలవి కానంతగా దెబ్బతినెను. గుడ్డివాని వలె లోపల చచ్చుటకంటె పైకి పోయి పోరాడినయెడల కొందరైనను బ్రతుకుదురని కన్నవే నిశ్చయించెను. స్కల్పిన్ పైకి వచ్చెను. మనుష్యులు పరుగున పోయి పై ఫిరంగిని పట్టిరి. డిస్ట్రాయరు ఫిరంగుల ఎదుట అది ఎంత? మొదట తగిలిన గుండ్లలో ఒకటి వంతెన మీద పడి కన్నవేను, ఆయన తరువాతి అధికారిని చంపినది. ఫిరంగి దగ్గర లెఫ్టినెంట్ డిఫ్రీస్ మరణించెను. తల్లి పేరు పెట్టిన ఓడ మీద బిడ్డ ప్రాణము విడిచెను.

బ్రతికియున్న అధికారులలో పెద్దవాడు లెఫ్టినెంట్ బ్రౌన్. నౌక శత్రువు చేతికి చిక్కకుండ ముంచివేసి, అందరును నీటిలోనికి దూకవలెనని అతడు ఆజ్ఞాపించెను. ఆ మాట చెప్పుటకు క్రామ్వెల్ యొద్దకు వచ్చినప్పుడు, ఆయన ఆ నిర్ణయమునకు సమ్మతించి, తాను మాత్రము రానని చెప్పెను. తనకు తెలిసినది మిక్కిలి ఎక్కువ అనియు, తాను పట్టుబడరాదనియు ఆయన తెలిపినట్లు బ్రౌన్ తరువాత చెప్పెను. ఎన్సైన్ ఫీడ్లరును ఓడలోనే ఉండిపోయెను. సుమారు పండ్రెండుగురితో స్కల్పిన్ మునిగిపోయినది. ఆ మరునాడే, నవంబరు 20న, తరావా తీరమున దండు దిగినది.

ఎందుకు ఉండిపోయెను?

ఇక్కడ మేము కొంతసేపు ఆగితిమి. చదువరులలోను కొందరు ఆగుదురు. ఇది ఆత్మహత్య కాదా అని ఒక యౌవనుడు మమ్మును అడిగెను. సుళువైన జవాబు చెప్పలేము. ప్రాణము విసిగి దానిని తీసికొనుట వేరు. తన ప్రాణము నిలుపుకొనుటకు వేలమంది ప్రాణములు వెల యగునని యెరిగి, దానిని నిలుపుకొనకుండుట వేరు. క్రామ్వెల్ చావును కోరినట్లు చరిత్రలో ఎక్కడను కనబడదు. ఇతరులను దూకి బ్రతుకుడని పంపెను. తాను హింసకు తాళలేనేమో అను భయమును దాచుకొనలేదు. నేను ఎంతటి బాధనైనను ఓర్తునని చెప్పుకొను ధైర్యశాలులు చాలమంది ఉందురు. నేను ఓర్వలేనేమో, నా నోట ఆ మాట రాకూడదు అని తన బలహీనతను లెక్కలో వేసికొను ధైర్యము అరుదు. మా మట్టుకు ఆయనలో గొప్పతనము అక్కడనే ఉన్నదని తోచినది.

ఆయన భయము నిరాధారమైనది కాదు. నీటిలోనుండి తీయబడిన 42 మందిలో తీవ్రముగా గాయపడిన ఒకనిని మరల సముద్రములో త్రోసిరి. మిగిలిన 41 మందిని ట్రుక్‌నకు తీసికొనిపోయి సుమారు పది దినములు కొట్టుచు ప్రశ్నించిరి. వారికి తెలియనిదానిని వారు చెప్పలేకపోయిరి. తెలిసిన ఒక్కడు అడుగున ఉండెను.

డిసెంబరు 4

కథ ఇక్కడ ముగిసినయెడల ఉపన్యాసములకు బాగుగా ఉండును. కాని చరిత్ర మన ఉపన్యాసముల కొరకు జరుగదు.

ఆ 41 మంది ఖైదీలను రెండుగా విడదీసి, 21 మందిని 'చుయో' అను విమానవాహక నౌకలోను, 20 మందిని 'ఉన్యో' అను నౌకలోను జపానునకు పంపిరి. ఆ నౌకలు ట్రుక్ విడిచిన సంగతి అమెరికనులకు తెలిసినది. ఎట్లు తెలిసినది? జపాను సంకేతములను చదువుట వలననే. ఆ దారిలో కాచుకొనుమని జలాంతర్గాములకు ఆజ్ఞలు పోయినవి. డిసెంబరు 4న పెద్ద తుపాను గాలిలో, అర్ధరాత్రి మొదలు ఉదయమువరకు వెంబడించి, ఒక జలాంతర్గామి చుయోను ముంచివేసినది. ఆ జలాంతర్గామి పేరు సెయిల్‌ఫిష్. పాత పేరు స్క్వాలస్.

నాలుగేండ్ల క్రిందట స్కల్పిన్ ఎవరిని కనుగొని రక్షించెనో, ఆ నౌకయే స్కల్పిన్ మనుష్యులున్న ఓడను ముంచెను. 21 మందిలో ఒక్కడు మాత్రము ప్రక్కగా పోవుచున్న డిస్ట్రాయరు నిచ్చెన పట్టుకొని బ్రతికెను. ఇరువదిమంది పోయిరి. వారితోపాటు వెయ్యిమందికి పైగా జపానీయులును పోయిరి. సెయిల్‌ఫిష్‌లోనివారికి ఆ ఓడలో తమవారున్నారని తెలియదు. క్రామ్వెల్ ఏ రహస్యమును కాపాడుటకు ప్రాణము విడిచెనో, ఆ రహస్యమే పదునైదు దినములలో ఆయన ఓడవారిలో ఇరువదిమందికి మృత్యువయ్యెను.

ఇందులో ఎవరిని నిందింతుము? మేము ఎన్నిమార్లు చదివినను నిందింపదగినవాడు ఒక్కడు కనబడలేదు. అందరును తమ విధి చేసిరి. యుద్ధమనునది అట్టిది. మంచివారు మంచి ఉద్దేశముతో చేసిన మంచి పనిని కూడ అది త్రిప్పి మంచివారి మీదనే వేయును. యుద్ధవీరులను గౌరవించుట తగును. యుద్ధమును పొగడుట తగదు. ఈ రెంటికి గల భేదమును ఈ చరిత్ర మాకు నేర్పినంతగా మరేదియు నేర్పలేదు.

నవంబరు 29న జట్టు కట్టుమని స్కల్పిన్‌నకు రేడియోలో ఆజ్ఞ పోయినది. జవాబు రాలేదు. బ్రతికిన 21 మంది ఒఫునా శిబిరమునందును, అషియో రాగి గనులయందును ఖైదీలుగా ఉండి 1945లో విడుదలై వచ్చి చెప్పినప్పుడే క్రామ్వెల్ మరణవిధము లోకమునకు తెలిసినది. పసిఫిక్ జలాంతర్గాముల అధిపతి లాక్‌వుడ్ సిఫారసుపై ఆయనకు అమెరికా అత్యున్నత పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ మరణానంతరము ఇయ్యబడినది. ఆ పత్రములో ఆయన ఎరిగిన దండయాత్ర ప్రణాళికల ప్రస్తావన ఉన్నది గాని, సంకేతముల మాట లేదు. ఆయన కాపాడిన రహస్యమును ఆయన పొగడ్తలోను దాచవలసివచ్చెను. 1953లో ఆయన పేర ఒక యుద్ధనౌకను నీటిలోనికి దింపినప్పుడు, ఆయన భార్యయే దానికి పేరు పెట్టెను.

మన తీరమున

ఇదంతయు దూరదేశపు కథ అనుకొనవలదు. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి విశాఖపట్టణము ఎదుటనే పాకిస్తాను జలాంతర్గామి 'ఘాజీ' మునిగినది. దాని మునకకు కారణమును గూర్చి ఇరుదేశముల వాదనలు వేరు. కాని అందులోని 93 మందిలో ఒక్కడును ఇల్లు చేరలేదనుటలో వివాదము లేదు. ఆ ఘాజీ యుద్ధకాలపు అమెరికా జలాంతర్గామియే. పూర్వము దాని పేరు 'డయాబ్లో'. 1964లో పాకిస్తానునకు ఇయ్యబడినది. స్కల్పిన్ తరువాత పుట్టిన చెల్లెలని చెప్పవచ్చును.

ఆ నెల 9న డయ్యూ సమీపమున మన 'ఖుక్రీ' నౌకను పాకిస్తాను జలాంతర్గామి 'హంగోర్' ముంచివేసినది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించిరి. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తక్కినవారిని పంపి, తాను ఓడను విడువక మునిగిపోయెను. ఆయనకు మహావీర చక్రము ఇయ్యబడినది. మన నౌకాదళ దినోత్సవము కరాచీ మీది దాడిని జ్ఞాపకము చేసికొనుచు డిసెంబరు 4న జరుగును. చుయో మునిగినదియు డిసెంబరు 4ననే. ఆ తేదీని మన తీరమున పండుగగా చూచునప్పుడు, అదే తేదీ ఎన్ని ఇండ్లలో దుఃఖదినమో కూడ తలంచుట మనకు మేలు.

రెండవ ప్రపంచయుద్ధమున అమెరికా 52 జలాంతర్గాములను, 3,500 మందికి పైగా నావికులను పోగొట్టుకొన్నది. జర్మనీ జలాంతర్గాములలో పనిచేసిన సుమారు 40 వేలమందిలో దాదాపు 30 వేలమంది తిరిగి రాలేదు. వీరిలో అత్యధికులు ఇరువది యేండ్ల ప్రాయపు పిల్లలు. పల్లెలనుండి, చిన్న ఊళ్ళనుండి వచ్చినవారు ఎందరో.

తల్లి ప్రశ్న

క్రామ్వెల్‌కు సమాధి లేదు. హోనలులులోని పసిఫిక్ జాతీయ స్మారక శ్మశానమున, శరీరము దొరకనివారి పేర్లు చెక్కిన రాతి గోడల మీద ఆయన పేరున్నది. అంతే.

ఈ సంగతులన్నియు చదివిన తరువాత మేము ఆ తల్లి ఇంటికి వెళ్ళి కూర్చుంటిమి. సముద్రమే వారికి సమాధి అని చెప్పుట సులభము. కాని బిడ్డను కన్న తల్లికి ఆ మాట చాలదు. తరువాత మేము ఆమెతో చెప్పినది ఇది మాత్రమే. అమ్మా, సమాధి అనునది మృతుని కొరకు కాదు, బ్రతికినవారు వచ్చి నిలుచుండుటకు ఒక చోటు. ఆ చోటు లేనివారికి, వారి పేరు పలుకు మనుష్యులే ఆ చోటు. ఆమె కొంతసేపు ఊరకుండి, "అయితే పలకండి అయ్యగారూ. ఆదివారం ప్రార్థనలో పలకండి. మనవాళ్ళవే కాదు, వాళ్ళవీ" అనెను.

ఆనాటినుండి ప్రతి డిసెంబరు మొదటి ఆదివారమున మా సంఘములో సముద్రము మీద పోయినవారిని, ఏ పక్షమువారైనను, జ్ఞాపకము చేసికొనుచున్నాము. నూరేండ్ల మన చరిత్రను వ్రాసికొను ఈ వేళ, చరిత్ర వ్రాయువారు లేక, రాయి లేక, నీటి క్రింద ఉన్నవారిని కూడ ఒక్క నిముషము తలంచుకొందురని చదువరులను వినయముతో కోరుచున్నాము.